రంగుల షెడ్డు నీళ్ల నుంచి ఎండతో హైడ్రోజన్ తీస్తామంటున్నారు, అడ్వాన్స్ ఇవ్వొచ్చా?

పట్టుదారం, ధర్మవరం:

అందరికీ నమస్కారం. మా చిన్నాయనకు ధర్మవరంలో పట్టు నూలు ఉడికించి రంగులు వేసే షెడ్డు ఉంది. లెక్కలు, కరెంటు బిల్లులు, ఆఫీసుల చుట్టూ తిరగడం నా పని. మా ఖర్చులో పెద్దది కట్టెలు. కంప కట్టెల ధర ఏటికేడు పెరుగుతోంది, బానల కింద మంట మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరడానికి లేదు. రెండో తలనొప్పి వాడేసిన నీళ్లు. సబ్బు, సోడా వేసి జిగురు తీసిన నీళ్లు ఒక రకం, రంగు నీళ్లు ఇంకో రకం. కాలవలోకి వదిలేస్తే ఊరుకునే రోజులు పోయాయి.

ఈ రెంటికీ ఒకటే మందు అంటూ ఈ మధ్య ఒకాయన వచ్చాడు. ఫైలు నిండా ఇంగ్లీషు పేపర్లు. షెడ్డు పైన 100 చదరపు మీటర్లలో గాజు గొట్టాలు పరుస్తాడట, వాటిలో మా నీళ్లు తిరుగుతాయట. అందులో వేసిన నానో పొడి ఎండను పట్టుకుని నీళ్లను విడగొడుతుంది, వచ్చిన హైడ్రోజన్‌తో బానలన్నీ కాగుతాయి, బయటికి శుభ్రమైన నీళ్లు వస్తాయి. ఇదీ ఆయన చెప్పింది. మొత్తం 9 లక్షలు, సగం ముందే కట్టాలి. పొడి మాత్రం నెలనెలా ఆయన దగ్గరే కొనాలి.

ఉత్త మాటలే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మా కళ్ల ముందే చేసి చూపించాడు. గాజు సీసాలో మా షెడ్డు నీళ్లే పోశాడు. బూడిద రంగు పొడి రెండు చెంచాలు వేశాడు, దాని మీద యాక్టివేటర్ అని తెల్లటి పలుకులు కొన్ని వేశాడు. మూతికి బెలూన్ తగిలించి ఎండలో పెట్టాడు. కాసేపటికే నురగలాగా బుడగలు, బెలూన్ ఉబ్బింది. సీసా ముట్టుకుంటే చెయ్యి కాలింది, ఎండ అంత బాగా పట్టుకుందన్నమాట అన్నాడు. బెలూన్ దగ్గర అగరొత్తి పెట్టగానే ఢప్‌మని మంట. అది చూసినప్పటి నుంచి చిన్నాయన ఆగడం లేదు, బంగారం కుదువపెట్టి అయినా కడదామంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

నేను బీకాం. ఇది నిజంగా ఉన్న సైన్సేనా? మా పైకప్పు మీద పడే ఎండతో బానలు కాగేంత గ్యాస్ వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓర్వకల్లు సోలార్, కర్నూలు:

హైడ్రోజన్ అనే మాట వినగానే మోసం అనుకోవద్దు బ్రదర్. 2023 జనవరిలో కేంద్రం నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు మంజూరు చేసింది. 2030 కల్లా ఏటా 50 లక్షల టన్నులు తయారు చేయాలని లక్ష్యం. కానీ ఆ దారి వేరు. సోలార్ ప్యానెళ్ల కరెంటును ఎలక్ట్రోలైజర్‌కు ఇచ్చి నీళ్లను విడగొడతారు. నేను గని, శకునాల అనే ఊళ్ల వైపు సోలార్ ప్లాంటులో మెయింటెనెన్స్ చూస్తాను కాబట్టి ఆ లెక్క చెప్పగలను. 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు పెడితే మన ఎండకు రోజుకు 80 యూనిట్ల దాకా వస్తాయి. కిలో హైడ్రోజన్‌కు 50 నుంచి 55 యూనిట్లు కావాలి. అంటే రోజంతా కలిపి కిలోన్నర. ఆ కిలోన్నర హైడ్రోజన్ మండితే వచ్చే వేడి కన్నా ఆ 80 యూనిట్ల కరెంటుతో హీటర్ పెట్టి నేరుగా నీళ్లు కాచుకుంటే వచ్చేదే ఎక్కువ. పొడితో నేరుగా తీసే పద్ధతి గురించి ఆ చదువు చదివినవాళ్లే చెప్పాలి.

కడప కెమిస్ట్రీ:

తమ్ముడూ, ముందు ఆ అడ్వాన్స్ కట్టకుండా చిన్నాయనను ఆపు. మిగతాది నిదానంగా చదువు.

నేను కడపలో ఈ ఫొటోక్యాటలిస్టుల మీదే, అంటే తాము ఖర్చవకుండా కాంతితో రసాయన చర్య జరిపించే పదార్థాల మీదే, పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ విద్య అంటే నాకు ప్రాణం. దాని పేరు చెప్పి కష్టపడే షెడ్డు మీద పడుతుంటే కడుపు మండుతోంది.

సైన్స్ అయితే నిజం. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతి పడితే నీళ్లు విడిపోతాయని చూపించారు. అది గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండే పదార్థమే. కాంతి తగిలినప్పుడు అందులో ఒక ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, అది లేచిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని హోల్ అంటాం. ఎలక్ట్రాన్ పోయి నీళ్లలోని హైడ్రోజన్ అయాన్లను గ్యాస్‌గా మారుస్తుంది. హోల్ నీళ్ల నుంచి ఆక్సిజన్ లాగాలి. అది చాలా కష్టమైన పని, ఈలోపే రెండూ మళ్లీ కలిసిపోయి కాంతి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. మురుగునీళ్లు పనికొచ్చేది ఇక్కడే. నీళ్లలో చక్కెరో, ఆల్కహాలో, గ్లిసరాలో ఉంటే హోల్ వాటి మీద పడుతుంది, ఎలక్ట్రాన్‌కు తీరిక దొరుకుతుంది. 1980లోనే కవాయి, సకాటా చక్కెర, పిండి, సెల్యులోజ్ కలిపిన నీళ్ల నుంచి ఇలా హైడ్రోజన్ తీశారు. మన కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో టైటానియా (ఆ టైటానియం డయాక్సైడ్‌కే ఇంకో పేరు) నానోట్యూబులతో, గ్లిసరాల్ కలిపిన నీళ్లతో ఈ పరిశోధన ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. ఆ వచ్చినాయన ఫైల్లో ఉన్నవి ఇలాంటి నిజమైన పేపర్లే అయి ఉంటాయి. వాటికీ ఆయన అమ్మే గొట్టాలకూ సంబంధం లేదు.

ఆ పేపర్లలో అంకెలు ఎలా ఉంటాయో చెబుతాను. మేం ప్రయోగం చేసేటప్పుడు క్వార్ట్‌జ్ గాజు రియాక్టర్‌లో 50 మిల్లీలీటర్ల నీళ్లు, 5 మిల్లీగ్రాముల పొడి వేస్తాం. 5 మిల్లీగ్రాములంటే గోటి మీద పట్టేంత. మూతికి రబ్బరు బిరడా బిగించి, లోపలి గాలంతా లాగేసి, నైట్రోజన్ నింపి ఎండలో పెడతాం. గంటకోసారి బిరడాలోంచి సూది గుచ్చి కొంచెం గ్యాస్ తీసి, అందులో ఏ గ్యాస్ ఎంతుందో కొలిచే క్రొమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తాం. తెర మీద హైడ్రోజన్ గీత లేచిందంటే ఆ రోజు పండగే. పేపర్లో మాత్రం 'గ్రాముకు గంటకు 20 మిల్లీమోల్స్' అని రాస్తాం. చూడ్డానికి ఘనంగా ఉంటుంది. నిజంగా ఆ సీసాలో వచ్చింది గంటకు రెండున్నర మిల్లీలీటర్ల లోపే. పోనీ కిలో పొడి వేస్తే? రాదు. పైనున్న పొడి కాంతిని తాగేశాక కింది పొడి చీకట్లోనే ఉంటుంది. అందుకే ఎన్ని గ్రాములు వేశారన్నది కాదు, ఎన్ని చదరపు మీటర్ల ఎండ, అందులో ఎంత శాతం హైడ్రోజన్‌గా మారింది అన్నదే అడగాలి.

ఆ శాతం సంగతి చూద్దాం. మామూలు టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలనే పట్టుకోగలదు. ఎండలో అవి 4, 5 శాతం. కాడ్మియం సల్ఫైడ్ కంటికి కనిపించే కాంతినీ పట్టుకుంటుంది, కానీ అదే కాంతికి కరిగి కాడ్మియం విషాన్ని నీళ్లలోకి వదులుతుంది. జపాన్‌లో డోమెన్ అనే శాస్త్రవేత్త బృందం సరిగ్గా మీ చిన్నాయన పైకప్పు అంత, 100 చదరపు మీటర్ల ప్యానెళ్లు పెట్టి నెలల తరబడి నడిపింది. 2021లో ఫలితాలు ప్రచురించారు. మంచి నీళ్లతో, ఎంతో శ్రద్ధగా చేస్తే వచ్చిన గరిష్ఠ సామర్థ్యం 0.76 శాతం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో సూర్యకాంతిని కటకంతో ఒకచోటికి కేంద్రీకరించి ఆరుబయట 6.2 శాతం దాకా తెచ్చారు. అది గొప్ప విషయమే, కానీ వాళ్ల పదార్థం వేరు, పద్ధతి వేరు, వాళ్లు వాడినవి రంగు నీళ్లు కావు.

మీ షెడ్డుకు 1 శాతం వేసుకుందాం, అది చాలా ఉదారమైన లెక్క. మన సీమలో చదరపు మీటరుకు రోజుకు సుమారు ఐదున్నర యూనిట్ల ఎండ పడుతుంది. 100 చదరపు మీటర్లకు 550 యూనిట్లు. అందులో 1 శాతం ఐదున్నర యూనిట్లు. ఎండిన కట్టె కిలో మండితే సుమారు 4 యూనిట్ల వేడి వస్తుంది. అంటే 9 లక్షల యంత్రం రోజంతా పనిచేసి ఇచ్చే వేడి కిలోన్నర కట్టెల పాటి కూడా చేయదు. ఒక గ్యాస్ సిలిండర్‌తో సమానం కావాలంటే నెల పైన పడుతుంది. చిన్నాయనకు ఇంకేమీ చెప్పకపోయినా ఇదొక్కటి చెప్పు. ఒక కట్టె చేతికిచ్చి, రోజు మొత్తానికి ఇదే, దీంతో ఎన్ని బానలు కాగుతాయో చెప్పమను.

ఇక ఆ సీసా. ఎండతో వచ్చే హైడ్రోజన్ అంత వేగంగా బెలూన్ ఉబ్బించదు. సీసా చెయ్యి కాలేంత వేడెక్కదు. బూడిద రంగు పొడి, తెల్ల పలుకులు, నురగ, వేడి. ఇవన్నీ కలిపితే నాకు తోచేది అల్యూమినియం పొడి, కాస్టిక్ సోడా. ఆ రెండూ నీళ్లలో కలిస్తే చీకటి గదిలో కూడా హైడ్రోజన్ బుసబుసా వస్తుంది. పొడి రంగును బట్టి తేల్చేయలేం, ప్లాటినం పూసిన టైటానియా కూడా బూడిద రంగులోనే ఉంటుంది. తేల్చే పద్ధతి వేరే ఉంది. మళ్లీ వస్తే రెండు సీసాలు పెట్టించు. రెంటిలో ఒకే కొలత నీళ్లు, పొడి, పలుకులు. ఒకదానికి పొడి వేయకముందే చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి లోపల గదిలో పెట్టు. చీకటి సీసా బెలూన్ కూడా ఉబ్బిందంటే ఎండకూ దానికీ సంబంధం లేనట్టే. చేసేటప్పుడు దూరంగా నిలబడండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, నిప్పు దగ్గరికి రానివ్వకండి. వేడెక్కిన కాస్టిక్ కంట్లో పడితే చూపు పోతుంది.

అల్యూమినియం క్యాటలిస్టు కాదు, కరిగి అయిపోతుంది. నెలనెలా పొడి కొనాలన్నది అందుకే అయి ఉంటుంది. కిలో హైడ్రోజన్‌కు 9 కిలోల అల్యూమినియం కరగాలి. ఆ కిలో హైడ్రోజన్ ఇచ్చే వేడి రెండున్నర కిలోల వంట గ్యాస్‌కు కొంచెం ఎక్కువ, అంతే.

ఇంకొక భయం. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు, పగటిపూట ఆ మంట కంటికి సరిగ్గా ఆనదు కూడా. రోజంతా పొయ్యిలు మండే షెడ్డు మీద గాజు గొట్టాల్లో దాన్ని తిప్పుతానంటున్నాడంటే నాకు వణుకు వస్తోంది.

రంగులపని, ఎమ్మిగనూరు:

మేడమ్, మాది నూలు అద్దకం. గ్యాస్ సంగతి వదిలేయండి. ఈ టైటానియం పొడితో నీళ్లలో రంగు అయినా పోతుందా? ఎండలో రంగు విరిగిపోతుందని ఎక్కడో చదివాను. మా దగ్గర ఎండకేం కొదవ లేదు.

కడప కెమిస్ట్రీ:

పోతుంది, కానీ దానికి పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. అమ్మేవాళ్లు ఎవరూ చెప్పని మాట ఇదే. హైడ్రోజన్ కావాలంటే లోపల గాలి ఉండకూడదు. ఎందుకంటే ఆక్సిజన్ ఉంటే ఎలక్ట్రాన్లను అదే లాగేసుకుంటుంది, గ్యాస్ రాదు. రంగు విరగాలంటే గాలి కావాలి. ఆ ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తీసుకుంటేనే హోల్స్ ఖాళీగా మిగిలి, రంగును ముక్కలు చేసే రాడికల్స్ అనే చురుకైన కణాలు పుడతాయి. ఒకే గొట్టంలో పూర్తి గ్యాస్, పూర్తి శుభ్రం రెండూ ఇస్తానంటే నమ్మొద్దు.

రంగు తీసేందుకే అయితే వెడల్పాటి లోతు తక్కువ తొట్టి, గాలి బుడగలు వదిలే చిన్న పంపు, ఎండ ఉంటే చాలు. కానీ చిక్కటి రంగు నీళ్లకు పనికిరాదు. ఒక తెల్ల స్టీలు చెంచాను నీళ్లలో ముంచి చూడండి, ఎంత లోతుకు కనబడకుండా పోతుందో ఎండ కూడా సుమారు అంత వరకే చేరుతుంది. బాన దించిన ఎర్ర నీళ్లలో అది వేలెడు లోతు కూడా ఉండదు. ఆఖరి జాడింపు నీళ్లు లేతగా ఉంటాయి కదా, వాటికి బాగా పనిచేస్తుంది. మీ నూలు రంగులకు వేసే ఉప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది, దాన్ని ఏ ఎండా తీయలేదు. మన బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే బైకార్బనేట్ కూడా ఈ పనిని మందగింపజేస్తుంది.

పొడిని తిరిగి పట్టుకోవడం మరో కష్టం. బజారులో దొరికే మంచి రకం టైటానియా కణం 20 నానోమీటర్ల చిల్లర. గుడ్డలో వడకడితే పాలలాగా కిందికి దిగిపోతుంది. అందుకే గాజు పూసల మీదో పింగాణీ పలకల మీదో పూతగా అంటించి వాడతారు. నన్నడిగితే ఈ రంగంలో మన సీమ పిల్లలు పట్టుదలగా పనిచేయాల్సింది ఈ పూత మీదే. గ్రాముకు గంటకు ఎన్ని మోల్స్ అని పోటీలు పడటం కన్నా, మన బోరు నీళ్లలో, మన రంగుల్లో, ఒక వేసవి అంతా ఊడకుండా నిలిచే పూత ఎవరైనా చేస్తే ధర్మవరానికీ ఎమ్మిగనూరుకూ రేపే పనికొస్తుంది.

పట్టుదారం, ధర్మవరం:

అక్కా, రాత్రి చిన్నాయనను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. కిలోన్నర కట్టె దగ్గర మాత్రం రెండోసారి చదవమన్నాడు. అడ్వాన్స్ ఆపాం. ఆయన ఒక మాట అడగమన్నాడు. మా జిగురు నీళ్లలో నిజంగా శక్తి ఏమైనా ఉందా, లేక అదీ అబద్ధమేనా? కట్టెలు తగ్గించుకునే దారి ఏదైనా ఉందా? ఇంకా, ఆ మనిషి శాంపిల్‌గా పొడి పొట్లం, పలుకుల డబ్బా ఇక్కడే వదిలి వెళ్లాడు. వాటిని ఏం చేయమంటారు?

కడప కెమిస్ట్రీ:

శక్తి ఉంది తమ్ముడూ. పచ్చి పట్టులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా జిగురే, అదంతా ప్రొటీన్. మీరు ఉడికించినప్పుడు సబ్బుతో పాటు నీళ్లలోకి వచ్చేస్తుంది. నీళ్లలో ఇలాంటి సరుకు ఎంత ఉందో సీవోడీ పరీక్షతో కొలుస్తారు. దానికో లెక్క ఉంది, ఏ నానో పొడీ దాన్ని దాటలేదు. 8 గ్రాముల సీవోడీ పూర్తిగా ఖర్చయితే ఎక్కువలో ఎక్కువ 1 గ్రాము హైడ్రోజన్. లీటరుకు 2000 మిల్లీగ్రాముల సీవోడీ ఉన్న నీళ్లు వెయ్యి లీటర్లు తీసుకుంటే 250 గ్రాములు, అదీ అణువంత కూడా మిగల్చకుండా తీస్తే. అదే నీళ్లను మూసిన ట్యాంకులో బ్యాక్టీరియాకు ఇస్తే 0.7 ఘనపు మీటర్ల దాకా మీథేన్ వస్తుంది. వేడిలో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు. దానికి ఎండ అక్కర్లేదు, ప్లాటినం అక్కర్లేదు, రాత్రి కూడా పనిచేస్తుంది. కాబట్టి జిగురు నీళ్లను రంగు నీళ్లలో కలపకుండా వేరే కాలవ తీసి పెట్టుకోండి. సబ్బు, సోడా ఎక్కువైతే బ్యాక్టీరియాకు పడదు, అందుకని నీళ్లలో పులుపు, క్షారం సరిచేయడం తెలిసిన బయోగ్యాస్ మనిషితో ముందు చిన్న డ్రమ్ములో చేయించి చూడండి. బయటికి వదిలే నీళ్లలో సీవోడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన, కాబట్టి ఆ పరీక్ష ఎలాగూ మీకు అవసరమే.

కట్టెలు తగ్గాలంటే పైకప్పు మీద సోలార్ వాటర్ హీటర్లు పెట్టండి. పడిన ఎండలో దాదాపు సగం వేడి నీళ్లుగా దిగుతుంది. అదే 100 చదరపు మీటర్లకు రోజుకు 275 యూనిట్లు, కట్టెల్లో చెప్పాలంటే 65 కిలోల పైన. బానలు మరిగించడానికి మంట కావాల్సిందే, కానీ చల్లటి బోరు నీళ్లకు బదులు 60 డిగ్రీల నీళ్లు బానలో పోస్తే దాదాపు సగం పని అయిపోయినట్టే. ముందు పైకప్పులో నాలుగో వంతుకే పెట్టి కట్టెల ఖర్చు రాసుకోండి.

ఒకవేళ ఎవరైనా మీ రంగు నీళ్లలో నిజమైన ప్లాటినం టైటానియా వేసి మంట చూపించినా, అది హైడ్రోజనే అనుకోవద్దు. పట్టు రంగులకు వేసే అసెటిక్ యాసిడ్ ఆ పొడి మీద విరిగితే ఎక్కువగా వచ్చేవి మీథేన్, కార్బన్ డయాక్సైడ్. 1978లోనే ఈ సంగతి ప్రచురితమైంది.

ఆ పొట్లాన్ని, డబ్బాను ఒకే చోట పెట్టొద్దు. పొడిని తడి తగలని డబ్బాలో బిగించి, పొయ్యిలకు దూరంగా పెట్టండి. నూనె, పలుకులు, నీళ్లు ఏవీ దాని మీద పడకూడదు. పలుకులను చేత్తో ముట్టుకోవద్దు, గాలి తగిలితే చెమ్మగిల్లుతాయి, ప్లాస్టిక్ డబ్బాలో మూత గట్టిగా పెట్టండి, పిల్లలకు అందనివ్వొద్దు. రెండూ కాలవలో పోయొద్దు. అతను వస్తే తిరిగి ఇచ్చేయండి. రాకపోతే దగ్గర్లోని ఏదైనా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌కు ఫోన్ చేసి అడిగి, విడివిడిగా తీసుకెళ్లి అప్పజెప్పండి. పొడి ఏమిటో వాళ్లు అక్కడికక్కడే చూసి చెబుతారు, ఏమని తేలిందో ఇక్కడ రాయి.